ఈదమ్మ చెప్పిన అబద్ధం

ఈదమ్మ గుంపులో ఆడవాళ్ళు నీళ్ళు తాగరని పదేళ్ళపాటు గొప్పగా చెప్పుకున్నవాణ్ణి నేను. మేడ్చల్‌లో ద్రాక్ష రైతుల మీటింగు జరిగితే చాలు, ఎవరో ఒకరు కూలీల మీద ఏడుపు అందుకునేవారు. గంటకోసారి నీళ్ళంటారని, తాగాక ఒంటికని పొదల చాటుకు పోతారని, పోయినవాళ్ళు తిరిగి రావడానికి అరగంట పడుతుందని. నేను కాలు మీద కాలు వేసుకుని, "మా తోటకొచ్చేటియి ఒంటెలు. పొద్దుగాల ఒక్కసారి తాగితె మల్ల పొద్దుగూకేదాక అడగయి" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆ నవ్వుల్లో అన్నిటికన్నా పెద్దది నాదే.

మా ఊరు శామీర్‌పేటకూ తుర్కపల్లికీ మధ్య, కరీంనగర్ రోడ్డు దిగి కాస్త లోపలికి ఉంటుంది. పన్నెండు ఎకరాల అంగూరు తోట మా నాయిన అంజయ్య పటేల్ పెట్టింది. ద్రాక్ష అని రాయడమే కానీ మా దగ్గర నోటికొచ్చే మాట అంగూరే. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి, చెట్టును ఆ తీగల మీదికి పాకిస్తే పందిరవుతుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు. అందులో ఒకటి ఎండాకాలం మొదట్లో వస్తుంది. అప్పుడు పందిరి మీద ఆకన్నది మిగలదు. మే నెలలో కొత్త కొమ్మలు లేస్తుంటే, పనికిరానివి తుంచేసి మిగిలినవాటిని సుతిలి తాడుతో తీగకు కట్టాలి. తల పైకెత్తి, రెండు చేతులూ పైకెత్తి, పొద్దంతా నిలబడి చేసే పని. పేరుకే పందిరి, ఎండంతా మొహం మీదే.

ఆ పనిలో ఈదమ్మ దిట్ట. ఆమె భర్త సోమయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. చెరువు నిండిన ఏడు ఆయన సంపాదనతో ఇల్లు గడిచేది, ఎండిన ఏడు ఈమె కూలికి వచ్చేది. ఎండిన ఏళ్ళే ఎక్కువవుతూ వచ్చాయి, ఈమె కూలి నుంచి మేస్త్రి అయింది. తొంభై మూడులో మొదటిసారి పదిహేనుమంది ఆడవాళ్ళను వెంటేసుకుని మా తోటకు వచ్చినప్పుడు ఆమెకు ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఒక్కొక్కరికి ఒక్కో వరస అప్పజెప్పేది. అందరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి చివరికి చేరాలి. మధ్యలో ఒకరు వరస విడిస్తే పక్కవాళ్ళ చేతులూ ఆగుతాయి. అందుకని ఈదమ్మ గుంపులో వరస విడవడమంటే ఇజ్జత్ పోయినట్టే లెక్క. చుట్టుపక్కల రైతులు ఆమె గుంపు కోసం నెల ముందే వచ్చి మాట తీసుకునేవారు.

ఆడవాళ్ళు ఒంటికి పోవడమన్నది చీకటితో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. ఈ రెంటి మధ్యలో ఆ అవసరం ఉంటుందన్న సంగతే మగవాళ్ళకు తెలియకూడదు. మరీ తప్పకపోతే మా తోట వెనక గుండ్లు, అంటే పెద్ద బండరాళ్ళు ఉండేవి. ఒక్కొక్కటి ఇల్లంత, చుట్టూ తంగేడు పొదలు. తొంభై తొమ్మిదిలో ఆ జాగాను ప్లాట్లు చేసి అమ్మేశాం. గుండ్లను పేల్పించి కంకర కొట్టించింది, తంగేడు పీకించింది, చదును చేయించి తెల్ల రాళ్ళు పాతించింది నేనే. ఆ గుండ్ల వెనక్కి ఎవరు పోతారో నాకు తెలియదని చెప్పను. తెలుసు. తెలిసిన సంగతుల్లో పట్టించుకోదగ్గవి వేరే ఉన్నాయనుకున్నాను.

ఆ ఎండాకాలమే ఈదమ్మ మోటారు షెడ్డు దగ్గరకు వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని, నేల చూస్తూ అడిగింది.

"చిన్నపటేలా, ఆడోళ్ళకు యాడన్న ఇంత సాటు సూపియ్యరాదు?"

"పందిరి కింద సాటు యాడికెల్లి వస్తది ఈదమ్మా? ఇంటికాడనే పోయి రాండ్రి" అన్నాను. కుర్చీలోంచి లేవకుండానే అన్నాను.

ఆమె రెండోసారి అడగలేదు. అడగలేదు కాబట్టి సమస్య తీరిపోయిందనుకున్నాను. నిజానికి ఆమె దాన్ని తన పద్ధతిలో తీర్చుకుంది. పనిలోకి దిగే ముందు ఒక్కొక్కరి చేతిలో ఒక చింతగింజ పెట్టేది. నాలుక కింద పెట్టుకుంటే నోట్లో తడి ఊరుతుంది, దూప తెలియదు. తాగకపోతే పోవాల్సిన పని ఉండదు. ఆకు లేని పందిరి కింద ఈ కొసన నిలబడితే ఆ కొస దాకా కనిపిస్తుంది. మోటారు దగ్గర మగవాళ్ళు, చెట్లకు పురుగుమందు కొట్టేవాళ్ళు మగవాళ్ళు, కుర్చీలో నేను. ఇంకేం చేస్తుంది?

ఎండలు ముదరడం కూడా ఆ రోజుల్లోనే. మా నాయిన కాలంలో ఎండాకాలమైనా తెల్లవారుజామున దుప్పటి కప్పుకునేవాళ్ళం. రెండువేలు దాటాక మే నెలలో తెల్లవారినా గోడలు వేడిగానే ఉండేవి. బోర్లు నూట యాభై అడుగుల నుంచి ఆరువందలకు పోయాయి. భూమి వేడెక్కుతోందని పేపర్లో రాస్తే చదివాను. అది సముద్రం పక్కన ఉండేవాళ్ళ తలనొప్పి అనుకుని పేజీ తిప్పాను. తోట ఎండిపోతుందని బెంగ ఉండేది కానీ, ఆ తోటలో నిలబడ్డ మనుషులు ఎండిపోతారన్న ఆలోచన రాలేదు. గుంపులో సగం మందికి ఒంటికి పోతే మంట. కొందరికి నడుములో పోట్లు. "వేడి జేసింది" అనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని, అది కూడా ఇంటికి పోయాకే తాగేవారు. ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ మామూలే అనుకున్నారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

రెండువేల రెండులో ఈదమ్మ కొడుకు యాదయ్యకు పెళ్ళయింది. కోడలు రోజారాణి గజ్వేల్ దిక్కు పిల్ల, పంతొమ్మిదేళ్ళు. పనిలోకి వచ్చిన మొదటిరోజే నడుముకు కూల్‌డ్రింకు సీసా కట్టుకుని వచ్చింది, నిండా నీళ్ళు పోసుకుని. రెండు కొమ్మలు కట్టడం, ఒక గుక్క తాగడం. గుంపంతా వింతగా చూసింది.

"గన్నిసార్ల తాగితె యాడికి పోతవే బిడ్డా?" అంది ఈదమ్మ.

"దూపైతాంది అత్తా."

"అందరికైతది. ఓపాలె. మన గుంపుకు పేరున్నది."

అని సీసా తీసుకుని కడీకి వేలాడదీసి, పిల్ల చేతిలో చింతగింజ పెట్టింది. పక్కనే నిలబడి ఉన్నాను. మేస్త్రి అంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

ఆ మరుసటి ఏడు మే నెల. వడదెబ్బకు చనిపోయినవాళ్ళ సంఖ్య పేపర్లో రోజూ మొదటి పేజీలో వచ్చేది. మధ్యాహ్నం బయటికి రావద్దని రేడియోలో చెబుతున్నారు. రేడియో మోటారు షెడ్డులో నా పక్కనే ఉంది, వింటూనే ఉన్నాను. ఈదమ్మ గుంపు మర్నాడు తుర్కపల్లిలో ఇంకొకరి తోటకు పోవాలి. మాకు ఇంకా రెండెకరాలు కొమ్మలు కట్టడం మిగిలింది. "ఇయ్యాల ఒడగొట్టే పోవాలె" అన్నాను. అంటే అయిపోయే దాకా కదలడానికి లేదని. ఈదమ్మ ఎండను చూసింది, నన్ను చూసింది, సరేనంది.

రెండు గంటలప్పుడు రోజారాణి పిక్కలు పట్టేశాయని కూర్చుంది. అత్త ఒక్క చూపు చూస్తే మళ్ళీ లేచింది. ఇంకో నాలుగు కొమ్మలు కట్టి, వాంతి చేసుకుని, ఉన్నచోటే కూలిపోయింది. షెడ్డులోకి మోసుకొచ్చాం. ఒళ్ళు కాలిపోతోంది. యాదయ్యకు కబురు పంపి, నా వ్యానులో మేడ్చల్ తీసుకుపోయాం. అక్కడ నాకు తెలిసిన పెద్దాయన ఒకరు క్లినిక్కు నడుపుతారు.

ఆ గది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. బల్ల మీద రోజారాణి కళ్ళు మూసుకుని పడి ఉంది. తల దగ్గర ఈదమ్మ, కాళ్ళ దగ్గర యాదయ్య, తలుపు దగ్గర నేను, నా వెనక కాంపౌండరు. డాక్టరు నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, ఈదమ్మను అడిగాడు.

"నీళ్ళు సరిగ్గ తాగిందా? పొద్దటి సంది ఒంటికి పోయిందా?"

నలుగురు మగవాళ్ళం ఆమె నోటివైపు చూస్తున్నాం. అందులో ఒకడు కొడుకు. ఈదమ్మ కొంగు ముందుకు లాక్కుంది.

"తాగింది సారూ. మంచిగనే తాగింది. రెండుమాట్ల పోయొచ్చింది."

డాక్టరుకు ఎక్కడో నమ్మకం కుదిరినట్టు లేదు. నావైపు తిరిగాడు.

"తోటల మీరు గూడ ఉన్నరు గద పటేల్. నిజమేనా?"

పొద్దున ఆరింటి నుంచి నేను కుర్చీలోనే ఉన్నాను. ఏ ఒక్కరూ వరస విడవలేదు. రోజారాణి ఆ రోజు తెచ్చుకున్న సీసాకు ఎవరూ మూత కూడా తీయలేదు, కడీకి అలాగే వేలాడింది. కాదు అంటే, ఎందుకు తాగలేదు అని అడుగుతాడు. పన్నెండు ఎకరాల్లో ఆడవాళ్ళకు మూల లేదని చెప్పాల్సి వస్తుంది. బయట బల్లల మీద కూర్చున్న సగం మంది నన్ను ఎరిగినవాళ్ళే.

"ఆఁ" అన్నాను.

ఒక్క అక్షరం. దానికి నోరు పూర్తిగా తెరవనక్కర కూడా లేదు.

డాక్టరు తనకు చెప్పినదాన్ని బట్టి వైద్యం చేశాడు. జ్వరం, ఒంటి నొప్పులు అని రాసి, నొప్పులు తగ్గడానికి సూది వేసి, అవే మాత్రలు మూడు రోజులకు ఇచ్చి పంపాడు. దారిలో ఈదమ్మ వ్యాను అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేను రోడ్డు చూస్తూ నడిపాను. మా ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన అవసరం రాలేదు.

మూడోరోజుకు పిల్ల మొహం ఉబ్బింది. ఒంటికి రావడం లేదు, వచ్చిన నాలుగు చుక్కలూ డికాషన్ రంగులో ఉన్నాయి. ఈసారి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ ఒక చిన్నవయసు డాక్టరమ్మ మమ్మల్ని చూడగానే మొదట చేసిన పని, మగవాళ్ళందరినీ తెర బయటికి పంపడం. తర్వాత అదే ప్రశ్న అడిగింది. తెర ఎంత మందం ఉంటుంది? అన్నీ వినిపించాయి.

"తాగలేదమ్మా" అంది ఈదమ్మ. "నేనే తాగనియ్యలె. తాగితె యాడికి పోతది? అంత బయలు. ఆ దినం ఒక్కటే గాదు, ఏడాది సంది గట్లనే."

"మరి అక్కడ డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"కొడుకున్నడు. పటేలున్నడు. ఎట్ల జెప్పాలమ్మా?"

స్టూలు జరుపుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత డాక్టరమ్మ కోప్పడకుండానే విడమరిచి చెప్పింది. నీళ్ళు లేక మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయని, ఆ నొప్పుల సూది, మాత్రలు వాటి మీద ఇంకో దెబ్బ కొట్టాయని. మొదటిరోజే ఉన్నమాట చెబితే ఆ మందు జోలికి పోకుండా సెలైన్ ఎక్కించేవాళ్ళని, రెండు రోజుల్లో లేచి కూర్చునేదని. తెరకు ఇవతల యాదయ్య గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యిని ఇప్పుడు తలచుకుంటే నరుక్కోవాలనిపిస్తుంది.

మూడు వారాలు మిషను మీద రక్తం కడిగారు. రోజారాణి బతికింది. కానీ ఇక ఎండలో పని చేయకూడదన్నారు. బిడ్డను మోస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఆ ఆశ పెట్టుకోవద్దన్నారు. ఇరవై ఏళ్ళ పిల్లకు ఆ మాట డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇంటికి తెచ్చిన రోజు యాదయ్య నా కాళ్ళ మీద పడ్డాడు. "మీ బండి లేకుంటె నా పెండ్లాం దక్కకపోవు పటేలా" అన్నాడు. నేను అతన్ని లేవదీశాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదని అప్పుడే తెలుసు.

ఈదమ్మ రెండు నెలలు గడప దాటలేదు. అన్నం కోడలి చేతికి ఇచ్చేటప్పుడు కూడా తల ఎత్తేది కాదని మా అమ్మ బుచ్చమ్మ చెప్పింది. వానలు పడ్డాక ఒకరోజు మా తోటకు వచ్చింది. ఈసారి కొంగు తల మీద లేదు. పని ఒప్పుకుంటానంది, మూడు మాటలకు నేను సరే అంటే. ఆడవాళ్ళకు చాటు కట్టాలి. ప్రతి వరస చివర నీళ్ళ కుండ ఉండాలి. ఎండాకాలం అయితే తెల్లారగానే దిగి పదిన్నరకు ఆపి, మళ్ళీ నాలుగింటికి దిగుతారు.

"గిది అంగూరు తోటనా, బస్టాండా?" అన్నాను.

మొహం ఎటు పెట్టుకోవాలో తెలియనివాడు వెటకారమే ఆడతాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను వేరే గుంపును పెట్టుకున్నాను. ఆ గుంపుకూ చాటు కట్టించలేదు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అని నవ్వారు జనం. పదిహేనుమంది గుంపు ఆరుగురికి వచ్చింది. ఏ రైతూ చాటు కట్టకపోతే ఈదమ్మే కట్టుకుంది. ఖాళీ యూరియా సంచులు విప్పి, కడిగి, నాలుగు కలిపి కుట్టి, నాలుగు వెదురు కర్రలకు బిగించింది. పనికి పోయేటప్పుడు ఆ కట్టను వంతులవారీగా నెత్తిన పెట్టుకుని తీసుకుపోయేవారు. తుర్కపల్లి కంపెనీల ఏసీ క్యాబులు పోయే రోడ్డు పక్కన, తల మీద మరుగు మోసుకుని ఆరుగురు ఆడవాళ్ళు నడిచిపోతుంటే చూశాను. మా తోట గేటు ముందు నుంచే పోయేవారు. నేను లోపలికి తిరిగి ఏదో పని ఉన్నట్టు నటించేవాణ్ణి.

ఆమె గుంపు పద్ధతులు మారిపోయాయి. ఒకప్పుడు "ఓపాలె" అన్న గొంతే ఇప్పుడు కాసేపటికోసారి "నీళ్ళు" అని కేకేసేది. అందరూ ఒకేసారి పని ఆపి తాగాలి, దూప లేకపోయినా తాగాలి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. అంబలిలో ఉప్పు, చల్ల కలిపి తెచ్చేది. తల మీద తడిగుడ్డ. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకు మొదటి నాలుగు రోజులు ఒక్కపూటే, ఒళ్ళు ఎండకు అలవాటు పడేదాకా. కళ్ళు తిరిగినా, పిక్కలు పట్టేసినా వరస విడిచి నీడకు పోవాల్సిందే. చాటు నుంచి వచ్చినవాళ్ళను "పచ్చగొస్తాందా, తెల్లగొస్తాందా?" అని అందరిముందే అడిగేది. మగవాళ్ళుంటే వాళ్ళే సిగ్గుపడి పక్కకు పోయేవారు. సూది వేయించుకునే ముందు ఒంటికి ఎప్పుడు పోయిందీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలని, పక్కన మొగుడున్నా సరే, కొడుకున్నా సరే చెప్పాలని ప్రతి ఎండాకాలం మొదటిరోజు నేర్పేది. ఇంటికి పోయాక మాత్రం పెద్దగా మాట్లాడేది కాదట.

మా తోట రెండువేల అయిదులో చచ్చింది. బోర్లన్నీ ఎండాయి. కడీలు పీకించి దాన్నీ ప్లాట్లు చేశాను. మరుసటి ఏడు సర్పంచ్‌నయ్యాను. అదే ఏడు ఊళ్ళో ఉపాధి హామీ పని మొదలైంది. కుంటలో పూడిక తీయడానికి రెండు వందల మంది కూలీలు. వాళ్ళ మీద మేటుగా, అంటే పని చూసుకునే మనిషిగా, ఈదమ్మను పెట్టమని ఆడవాళ్ళే పట్టుబట్టారు. ఆమె మొదటిరోజే యూరియా సంచుల చాటు తెచ్చి కుంట గట్టు మీద నిలబెట్టింది. నీళ్ళ కుండలు, గోనెపట్టాల నీడ, పదిన్నర పద్ధతి, అన్నీ ఆమెవే. నేను చేసిందల్లా అభ్యంతరం చెప్పకపోవడం.

రెండువేల ఏడు జూన్‌లో గ్రామసభ. మండలం నుంచి పెద్ద అధికారి వచ్చాడు. మిగతా ఊళ్ళలో పనిచోట మనుషులు పడిపోయారట, మా ఊళ్ళో ఆ ఎండాకాలమంతా ఒక్కరికి కూడా వడదెబ్బ తగల్లేదట. ఎలా చేశారని నన్ను అడిగితే, "ముందుజాగ్రత్తలు తీసుకున్నం సార్" అన్నాను. ఆయన మెచ్చుకుని, బడి ఆవరణలో వందలమంది చూస్తుండగా నాకు శాలువా కప్పాడు. తర్వాత మేటు కూడా రెండు మాటలు చెప్పాలన్నాడు. థాంక్సు చెప్పి కూర్చుంటుందని అందరం అనుకున్నాం. ఈదమ్మ మైకు పట్టుకుంది.

"నేను పదేండ్లు మేస్త్రిగిరి జేసిన. నా గుంపు ఆడోళ్ళను నీళ్ళు తాగనియ్యలె. తాగితె ఒంటికి పోవాలె, పోవుటానికి సాటు లేకుండె. ఓపినోళ్ళే మంచోళ్ళు అని సెప్పిన. నా కోడలు ఓపింది. ఎండ గొట్టి పడిపోయింది. నీళ్ళు తాగిందా, ఒంటికి పోయిందా అని డాక్టరు సారు అడిగితె, ఆడ మొగోళ్ళున్నరని సిగ్గుపడి తాగింది, పోయింది అని అబద్ధమాడిన. గా ఒక్క అబద్ధానికి నా కోడలి కడుపు పండకుంట వోయింది. గది నేనే జేసిన. ఎండలు ఇంక ముదురుతయంటున్నరు. మొగోళ్ళు ఇనుండ్రి, ఆడోళ్ళు ఇనుండ్రి. పానం మీదికి వచ్చినప్పుడు సిగ్గు పక్కకు పెట్టుండ్రి. నా తీరు జెయ్యకుండ్రి."

ఎవరో కుర్రాళ్ళు 'ఒంటికి' అన్న మాట దగ్గర నవ్వారు, మాట పూర్తయ్యేసరికి వాళ్ళూ ఆగిపోయారు. ఆమె నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా తోట అనలేదు, నా గుండ్లు అనలేదు, ఆ గదిలో ఇంకొకరు కూడా నోరు విప్పారని అనలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆమె నా పిడికెడు కూడా తన కొంగులోనే పోసుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే నా చేతులు శాలువా మీదికి పోయాయి. లేచి నిలబడితే చాలు, మైకు మూడడుగుల దూరంలో ఉంది. అధికారి గడియారం చూసుకుంటూ సభ ముగిసిందన్నాడు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గులేని ఊపిరి అది.

జనం కదిలిపోతుంటే ఆడవాళ్ళలోంచి రోజారాణి లేచి నా దగ్గరకు వచ్చింది. మొహం కాస్త ఉబ్బినట్టే ఉంటుంది ఇప్పటికీ. ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడినంత మామూలుగా, మెల్లగా అంది.

"డాక్టరు సారు కాడ ఆ దినం నేను కండ్లు మూసుకున్న గని, నాకు సోయి ఉండె పటేలా. మా అత్త మాట ఇన్న. మీ మాట గూడ ఇన్న."

నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఆమె మా ఇంటి ముందు నుంచి నడిచింది, మా అమ్మ పిలిస్తే వచ్చి కూర్చుంది, నేను ఓట్లకు పోతే మంచినీళ్ళు ఇచ్చింది. మొగుడు నా కాళ్ళ మీద పడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంట్ల జెప్పలె" అంది. "అత్త జెప్పింది ఇయ్యాల. మీరు గూడ జెప్తరేమోనని సూసిన."

అక్కడే నిలబడింది, నేను ఏదో అంటానని. మైకు సెట్టు అతను వైర్లు చుడుతున్నాడు. ఈదమ్మ గేటు దగ్గర ఆగి కోడలి కోసం చూస్తోంది. నేను శాలువా మడత పెట్టడం మొదలుపెట్టాను. మడత పూర్తయి తల ఎత్తేసరికి రోజారాణి వెళ్ళిపోయి అత్త చెయ్యి పట్టుకుంది.